అద్దె మంచం గడువు

చెల్లీ, నేను కులాసా. దిగులు పెట్టుకోకు.

నాన్నకి తల వైపు పైకి లేచే ఆస్పత్రి మంచం గురువారం వ్యానులో వస్తుంది. మా కొట్లోనే అద్దెకు తీసుకున్నాను. పదేళ్ళుగా ఇక్కడ అద్దె ఒప్పందాలు రాసేది నేనే కదా. "ఎన్నాళ్ళకి రాయమంటారు?" అని కూరగాయల ధర అడిగినట్టు అందరినీ అడిగేవాణ్ణి. ఇవాళ ఒప్పందంలో గడువు రాసే ఖాళీ దగ్గర నా కలమే కదల్లేదు. చివరికి ఏడాది అని రాశాను. డాక్టరు నెలే అన్నాడని తెలిసీ మా ఓనరు "ఉండనీవయ్యా" అని సంతకం పెట్టాడు.

గది గుమ్మం కొలిచి చూడు. చాలకపోతే తలుపు రెక్క ఊడదీయించు. పాత మంచం ఎవరికీ ఇచ్చెయ్యకు. అమ్మ వేళకి తింటోందా? పిల్లలకి ఆశీస్సులు.

ఇది అద్దెదని మాత్రం నాన్నకి చెప్పకు. తిరిగి ఎప్పుడిచ్చెయ్యాలని అడుగుతాడు.

అన్నయ్య