కొమ్ముచెంబులో ఉప్పు

బావా,

నువ్వు నన్ను ఒంటిదాన్ని చేసి పోయి ఈ రోజుకి ఏడాది. పొద్దున్నే నీ ఇత్తడి కొమ్ముచెంబు చింతపండుతో తోమి అరుగు మీద పెట్టాను. అప్పుడే వచ్చింది మీ మేనత్త ఎర్రమ్మ. నువ్వు ఆసనాలకి ముందు ఈ చెంబుతోనే ముక్కు కడుక్కుంటూ జలనేతి క్రియ చేస్తుంటే "ఆడు ముక్కుతో నీళ్ళు తాగుతన్నాడర్రా" అని నౌపడ ఊరంతా చాటిన మనిషే.

"ఓలే, ముక్కు మూసుకుపోనాది. ఆ ముక్కు కడిగే ఇద్దేటో నాకూ సూపించు," అంది.

నీ మాటే చెప్పాను: "ఊడవకుండా ముగ్గెడతామేటి అత్తా? ఆసనాలు ముగ్గు, క్రియ ఊడుపు."

కాచి చల్లార్చిన నీళ్ళలో అర చెంచా ఉప్పు కలిపాను. అత్త వేలు ముంచి నాకి, "దీన్లో ఉప్పేదీ?" అంది. పుట్టినప్పటి నుంచి ఉప్పుమడుల్లో ఉన్న నాలుకకి అదేం ఆనుతుంది! నేను తువ్వాలు తెచ్చేలోగా గుప్పెడు కల్లుప్పు కలియబెట్టి ముక్కులో పోసేసుకుంది.

"ఓలమ్మో! బుర్ర మండిపోతంది!" అంటూ వీధిదాకా గెంతింది. నవ్వలేక చచ్చాను.

మళ్ళీ నేనే కలిపి, నోరు తెరిపించి, తల పక్కకి వంచి పోశాను. ఒక ముక్కులో పోసిన నీళ్ళు రెండో ముక్కులోంచి ధారగా వచ్చాయి. అత్త గట్టిగా చీది, గాలి పీల్చి, "ఎవులింట్లోనో ఎండుచేపలు ఏపుతన్నారే!" అని మురిసిపోయింది. "ఉప్పు ఇంతేనని నీకెలాగ తెలిసిందే?"

"కన్నీళ్ళంత ఉప్పుండాలనీవోడు బావ."

నువ్వుండగా ఆ కొలత నాకెప్పుడూ కుదరలేదు, నువ్వే సరిచేసేవాడివి. ఇప్పుడు రుచి చూడకుండానే కుదురుతోంది.