నర్సు మొహం

12 మార్చి 2007, సోమవారం

ప్రొడ్యూసర్‌ని అయ్యాను.

మా గేమ్ కంపెనీ నడిపే లక్ష్మీకాంత్ గారు పొద్దున్నే కేబిన్‌లోకి పిలిచారు. ఇప్పటిదాకా ప్రొడ్యూసర్‌గా ఉన్న తారిక్ బెంగళూరు వెళ్లిపోతున్నాడనీ, అతని ప్రాజెక్టులన్నీ ఇక నన్నే చూసుకోమనీ చెప్పారు. కూర్చోకుండానే సరేనన్నాను. ఆటలు ఆడి తప్పులు వెతికే టెస్టర్‌గా చేరినప్పుడు, ఆడపిల్లలు గేమ్స్ ఆడతారా అని అడగకుండా ఇంటర్వ్యూ చేసింది విజయవాడ మొత్తంలో ఆయనొక్కరే. అందరినీ నువ్వు అనే ఆఫీసులో, మొదటి రోజు నుంచీ నన్ను సిద్రాగారూ అనే పిలిచారు.

ప్రొడ్యూసర్ అంటే ఏంటని అమ్మీ అడిగింది. బొమ్మలు వేసేవాళ్లు, ప్రోగ్రాం రాసేవాళ్లు, పని ఇచ్చిన క్లయింటు, వీళ్లు ఒకరి మీద ఒకరు అరుచుకోకుండా చూసి ఆటని బయటికి పంపడం అన్నాను. ఆ పని ఈ ఇంట్లో నేను ఎప్పట్నుంచో చేస్తున్నాగా అంది.

13 మార్చి, మధ్యాహ్నం

ఇప్పుడు కాదు. తర్వాత రాస్తాను.

13 మార్చి, సాయంత్రం

అమ్మీకి తెలుగు చదవడం రాదు. అదొక ధైర్యం. రాస్తాను.

తారిక్ వదిలివెళ్లిన వాటిలో ఒక కార్డ్ గేమ్ ఉంది. యూరప్ క్లయింట్‌ది. లోపలి గదిలో తలుపు వేసుకుని చేసేవాళ్లు. పేకాటకి అంత సీక్రెట్ ఏమిటా అనుకునేదాన్ని. ఈరోజు బిల్డ్, అంటే ఇప్పటిదాకా తయారైన ఆట, ఓపెన్ చేశాను. టేబుల్‌కి అవతల ఒక అమ్మాయి కూర్చుని ముక్కలు పంచుతుంది. ఓడిన ప్రతిసారీ ఒంటి మీది బట్ట ఒకటి తీసేస్తుంది.

ఆ అమ్మాయికి నా మొహం ఉంది.

పోలిక కాదు. నా మొహమే. చిన్నప్పుడు మెట్ల మీద పడితే ఎడమ కనుబొమ్మ చివర మిగిలిన గాటు కూడా ఉంది. టెస్టింగ్ అలవాటు కొద్దీ ఆడేశాను. గెలిచాను. తెర మీద నేనే నవ్వుతూ లేచి నిలబడి, భుజం మీది బట్ట మీద చెయ్యి వేసుకున్నాను. మానిటర్ ఆఫ్ చేశాను. బాత్రూంకి వెళ్లి, అద్దం వైపు చూడకుండా మొహం కడుక్కున్నాను. కడిగిందే కడిగాను.

పోయినేడు హాస్పిటల్ గేమ్‌లో నర్సు బొమ్మ కోసం నేనే ఫొటోలు ఇచ్చాను. ఎదురుగా, పక్క నుంచి, నవ్వుతూ, నవ్వకుండా. తీసింది మా ఆర్టిస్ట్ రామతులసి. రోజూ నా పక్కన కూర్చుని అన్నం తినే మనిషి.

14 మార్చి

రామతులసిని మెట్ల దగ్గర ఆపి అడిగాను. ముందు తెలీదంది. తర్వాత ఏడ్చింది. కొత్త మొహం చేసే టైం లేదు, నర్సుది రెడీగా ఉందిగా, అది తగిలించెయ్ అన్నారట లక్ష్మీకాంత్ సారు. కాదంటే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని భయమేసిందే అంది. ఎప్పుడు అన్నాను. దీపావళి ముందు అంది.

దీపావళి ముందు. అంటే అప్పట్నుంచీ అంతా తెలిసే, ఉయ్యూరు నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి నా బాక్స్‌లో వేస్తూ వచ్చింది. ఈ రోజు ఉప్పెక్కువైందా అని అడుగుతూ వచ్చింది.

బొమ్మని చూసిన దానికన్నా ఇదే ఎక్కువ నొప్పి. మధ్యాహ్నం బాక్స్ తీసుకుని వేరే చోట కూర్చున్నాను.

15 మార్చి

లక్ష్మీకాంత్ గారితో మాట్లాడాను. ఆయన మొహం నిజంగానే ఎర్రబడింది. తారిక్ అంతా పూర్తిచేసే వెళ్లాడు, మీరు పంపడమే కదా, మీ కంట పడుతుందనుకోలేదండీ అన్నారు. జరిగినందుకు కాదు, కంట పడినందుకు. ఇది ఇక్కడ అమ్మరండీ, మనవాళ్లెవరు చూస్తారు అన్నారు. క్లయింట్ ఆ మొహాన్ని ఓకే చేసేశారు, ఇప్పుడు మారిస్తే కాంట్రాక్టే పోవచ్చు, సోమవారం ఫైనల్ బిల్డ్ వెళ్లాలి, పంపాల్సింది మీరే అన్నారు. సొంత చెల్లెలికి చెప్పినట్టు చెబుతున్నాను, మనసులో పెట్టుకోకండి అని కూడా అన్నారు.

మీ చెల్లెలి మొహమైతే పంపుతారా అని అడగాల్సింది. లేచి వచ్చేశాను.

16 మార్చి

ఆఫీసుకి వెళ్లాను. వచ్చాను.

17 మార్చి, శనివారం

నాన్నకి చెప్పేశాను.

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో పొద్దుటి షిఫ్ట్ ముగించుకుని వచ్చి, డాబా మీద గాలికి కూర్చున్నారు. మేం ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం. కానీ ఈ విషయం చెప్పడానికి నా ఉర్దూలో మాటలు లేవు. ఆటలో ఒక అమ్మాయి ఉంటుంది, ఓడిపోతూ ఉంటుంది అన్నాను. ఓడిపోతే ఏమవుతుంది అన్నారు. చెప్పాను. ఆమెకి నా మొహం పెట్టారని చెప్పాను.

భవానీపురం ఇళ్ల మీదుగా కృష్ణానది వైపు చూశారు. రేపటి నుంచి మానెయ్ అంటారని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే అలా అంటే బాగుండుననుకున్నాను. ఆయన అన్నది వేరు. నువ్వు మానేస్తే ఆ బొమ్మ మానేస్తుందా బేటా అన్నారు. దాన్ని బయటికి పంపేది ఎవరు అన్నారు. నేనే అన్నాను. అయితే ఇంకేం, పంపకు అన్నారు.

అమ్మీకి ఆయనే చెప్పారు. ఫొటో ఎందుకిచ్చావు అని ఒక్క మాట అంది అమ్మీ. అదీ నాతో కాదు, గోడతో.

19 మార్చి, ఉదయం 11

బిల్డ్ పంపలేదు.

క్లయింట్ వైపు ప్రొడ్యూసర్ మార్టినాకి మెయిల్ రాశాను. ఆమెని ఎప్పుడూ చూడలేదు, మాట్లాడలేదు. మీ ఆటలో టేబుల్ దగ్గర కూర్చున్న అమ్మాయి మొహం నాది, నర్సు కోసం ఇచ్చాను, దీనికి ఇవ్వలేదు, అందుకని బిల్డ్ ఆపాను అని రాశాను. కాపీ లక్ష్మీకాంత్ గారికి పెట్టాను. చాటుగా చేసినట్టు ఉండకూడదు.

సెండ్ నొక్కాను.

19 మార్చి, సాయంత్రం

మార్టినా ఆఫీసుకే ఫోన్ చేసింది. మెయిల్‌లో ఉన్నదంతా నిజమేనా అని అడిగింది. నిజమే అన్నాను. ఇప్పుడు అక్కడ నీకు భయంగా ఉందా అని అడిగింది. ఇన్ని రోజుల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి. ఫోన్ పట్టుకుని ఏడ్చాను, ఆఫీసంతా చూస్తుండగానే.

రిలీజ్ ఆపేశారు. మొహం మార్చి పంపితేనే తీసుకుంటారట. ఈలోగా క్లయింట్ డబ్బు రాదు, లోపలి గదిలో పని లేదు. జాన్‌బాబు ప్రోగ్రామర్. ఎప్పుడూ అక్కా అంటాడు. ఇవాళ నా టేబుల్ దగ్గరికి వచ్చి, మా అందరి పొట్ట మీద కొట్టారండీ మేడం అన్నాడు. మేడం అన్న మాటకే ఎక్కువ దెబ్బ తగిలింది.

26 మార్చి

కొత్త మొహం చేస్తున్నాం. రామతులసి మౌస్ పట్టుకుంటుంది, పక్కన నేను. ముక్కు గురించి, గడ్డం గురించి తప్ప వేరే మాటల్లేవు. ఎవరిదీ కాని మొహం చేయడం ఇంత కష్టమని తెలీదు. పెదవి మారిస్తే తన మేనత్తలా వచ్చిందని చెరిపేసింది. కళ్లు మారిస్తే మా ఇంటి ఎదురు డాక్టరమ్మలా ఉందని నేను చెరిపించాను.

మధ్యాహ్నం ఉన్నట్టుండి మౌస్ వదిలేసింది. నా మొహం పెట్టెయ్యనా సిద్రా, నేను చేసిందానికి అదే సరిపోతుంది అంది. తను ఉత్తినే అనడం లేదు. అప్పటికే తన ఫొటో ఒకటి స్క్రీన్ మీద తెరిచి ఉంది.

వద్దని అరిచాను. అందరూ తిరిగి చూశారు. తనని క్షమించానో లేదో నాకే తెలీదు. కానీ ఆ ఫొటో మూసేదాకా తన పక్క నుంచి కదల్లేదు.

4 ఏప్రిల్

మార్టినా కొత్త బిల్డ్ ఓకే చేసింది. పాత ఫైల్స్ అన్నీ నా ఎదురుగానే లక్ష్మీకాంత్ గారు తన చేత్తో డిలీట్ చేశారు. క్లయింట్ దగ్గరున్న కాపీలు కూడా తీసేశామని మెయిల్ వచ్చింది. అయిపోయిందనుకున్నాను.

అప్పుడు ఆయన కూర్చోమన్నారు. తప్పు నాదేనండీ, కాదనను అన్నారు. కానీ నేను పంపమన్నాక కూడా మీరు ఆపి, క్లయింట్‌కి రాశారు, రేపు ఇంకో విషయంలో కూడా రాస్తారు, ఇక మనం కలిసి పనిచేయలేమండీ అన్నారు. నెలాఖరు దాకా రమ్మన్నారు. గొంతు పెంచలేదు. అండీ మానలేదు. అదే గొంతుతో నాకు టీ చెప్పారు.

తాగాను. ఎందుకు తాగానో తెలీదు.

9 ఏప్రిల్

ఆట చివర వేయడానికి పేర్లు పంపమని మార్టినా అడిగింది. లోపలి గదిలో ఒక్కరూ పేరివ్వలేదు. జాన్‌బాబు తన భార్య చూస్తుందన్నాడు. రామతులసి తల అడ్డంగా ఊపింది. మిగిలింది ప్రొడ్యూసర్ పేరు. ఈ ఫీల్డ్‌లో ఆట చివర పేరు లేకపోతే ఏ పనీ చేయనట్టే. ప్రొడ్యూసర్‌గా నేను బయటికి పంపిన ఆట ఇదొక్కటే. ఇలాంటి ఆట మీద నా పేరా.

నాన్నని అడిగాను. ఇది నాకు తెలిసే విషయం కాదు బేటా అన్నారు. వంటింట్లోంచి అమ్మీ మాట్లాడింది. మూడు వారాల తర్వాత నా మొహం చూసి మాట్లాడింది. నీ మొహాన్ని అందులోంచి నువ్వే బయటికి తెచ్చుకున్నావు, ఇప్పుడు పేరు దాచుకుంటే తప్పు చేసింది నువ్వే అనుకుంటారు అంది. అని, ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది.

ఫొటో ఎందుకిచ్చావన్న మనిషేనా ఈమె.

పేరు పంపాను.

21 జూన్, హైదరాబాద్

పెద్ద గేమ్ కంపెనీలో ఇంటర్వ్యూ. టేబుల్ అవతల ముగ్గురు మగవాళ్లు. ప్రొడ్యూసర్‌గా ఏ ఆట రిలీజ్ చేశారు అని అడిగారు. పేరు చెప్పాను. అదెలాంటి ఆటో కూడా చెప్పాను.

ముగ్గురి పెన్నులూ ఆగిపోయాయి. ఒకాయన నా మొహం వైపు చూసి చప్పున కళ్లు దించుకున్నాడు.

తర్వాతి ప్రశ్న అడగండి అన్నాను.