గోల్ఫ్ కర్రల టోపీలు నేను మానను

చిన్నీ,

నేను, మీ అక్కని, రాస్తున్నా. నా ఒంట్లో బాగానే ఉంది. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మరిదిగారు దగ్గుమందు వేసుకుంటున్నారా? ఇక్కడ ఒకటే వానలు. అమీర్‌పేటలో మా సందంతా బురద. కోచింగు పిల్లలు చెప్పులు చేత పట్టుకుని మైత్రీవనం వైపు పోతుంటారు.

ముందే చెప్పేస్తున్నా, నన్ను తీసుకురమ్మని ఆదివారం మరిదిగారిని పంపకు. నేను రాను. "కొడుకే పోయాక ఆ ఊళ్ళో నీకేం పని అక్కా" అని రాశావు. నాకు కోపం వచ్చింది. పని ఉంది.

మన ప్రసాదు పంజగుట్టలో ఆటసామాన్ల కొట్లో చేసేవాడు కదా. అక్కడ సాఫ్ట్‌వేరు వాళ్ళు గోల్ఫ్ కర్రలు కొంటారు. కర్ర తలకి గీతలు పడకుండా టోపీ తొడుగుతారు. ఫారిన్ టోపీలు ఊరికే జారిపోతున్నాయని, "అమ్మా, నీ లేసు సూదితో ఉన్ని టోపీ అల్లు, మెడ పొడుగ్గా పెట్టు, మేజోడులా పట్టుకుంటుంది" అన్నాడు. నేను అల్లినవి ఆ కొట్లోనే అమ్మేవాడు. కామెర్లతో మంచాన పడ్డాక కూడా ఏ రంగు పక్కన ఏ రంగో వాడే చెప్పేవాడు.

వాడు పోయాక ఎర్రమంజిల్ దగ్గర ఒక టోపీల కంపెనీ అతను అదే పొడుగు మెడ టోపీని మెషీను మీద దించేశాడు. ప్రసాదు చేసిన కొట్టు ఓనరు భాయ్ ఒకటి తెచ్చి చూపించాడు. "అమ్మా, గిది చూడు, సేమ్ నీదే. మస్తు చవక."

"సేమ్ ఉండదా మరి, మావాడిది చూసేగా చేశారు" అన్నా.

అంతలో కర్రల కంపెనీలు ఊరుకుంటాయా! ఒకడు తల లావు చేస్తే ఇంకొకడు ఇంకా లావు చేస్తాడు. బంతి దూరం పోతుందట. ఈసారి వచ్చిన కర్ర తల కొబ్బరిచిప్పంత ఉంది. కంపెనీ టోపీ ఎక్కలేదు. నాదీ ఎక్కలేదు. "ఇద్దరూ ఫెయిలే అమ్మా" అని భాయ్ నవ్వాడు. నేనూ నవ్వాను చిన్నీ. వాడు పోయాక అదే మొదలు.

తర్వాత ఆ కంపెనీ అతను నా గదికే వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. "అల్లి మాకే ఇవ్వండమ్మా, మా కంపెనీ పేరు కుట్టుకుంటాం. ఈ వయసులో మీకెందుకు పోటీ?"

"వయసు నాకొచ్చింది, మా ప్రసాదుకి రాలేదు బాబూ. వాడి టోపీ మీద ఇంకొకరి పేరు కుట్టనివ్వను" అన్నా. టీ ఇచ్చి పంపేశా.

అల్లినవి విప్పి మళ్ళీ అల్లాను. ఇప్పుడు తల దూరగానే విచ్చుకుంటుంది, మెడ దగ్గర మళ్ళీ ముడుచుకుంటుంది. భాయ్ వాటిని కొట్టు గుమ్మం ముందరే వేలాడదీశాడు. ఆ అతను రబ్బరు పట్టీ వేసి కొత్తవి తెస్తున్నాడట. తేనీ. నేను ఇంకోటి ఆలోచిస్తా.

మా పక్క హాస్టలు అమ్మాయిలు "ఆంటీ, కర్రలకి స్వెట్టర్లా?" అని ఏడిపిస్తారు. "రేపు మీకొచ్చే మొగుళ్ళే కొంటార్లే" అంటా. పాస్టరమ్మగారు ఏడవకు, దేవుని చిత్తం అంటారు. ఏడుస్తాను. పనీ చేస్తాను. దేవుడితో మాట్లాడటం మానలేదు, ఈ మధ్య కాస్త గట్టిగా మాట్లాడుతున్నా, అంతే.

మీ ఇంట్లో ట్రంకుపెట్టెలో అమ్మ వాడిన లావు లేసు సూది ఉంటుంది చూడు. మరిదిగారు రావాలనుకుంటే అది పట్టుకుని రమ్మను. రెండు రోజులుండి, కొట్టు చూసి వెళ్ళమను. పెద్దమ్మకి నా వందనాలు. నా కోసం ప్రార్థన చెయ్యమను, నేను తిరిగి రావాలని కాదు, నా చేతులు బాగుండాలని.

ఇట్లు,
మీ అక్క, ప్రసాదు వాళ్ళమ్మ

వాడి కబురు విన్న దగ్గర్నుంచీ నువ్వు ఒక పూటే తింటున్నావని మరిదిగారు రాశారు. అలా చెయ్యకు. నేను తింటున్నాను. నువ్వూ కూర వండుకుని రెండు పూటలా కడుపునిండా తిను.