దీవెన చేసే మందు

హైదరాబాద్

ప్రియమైన బాపుకు,

గొంతు క్యాన్సర్ ఆపరేషన్‌లో నీ మాట పోయినప్పటినుంచి ఫోన్‌లో నేనొక్కదాన్నే మాట్లాడేందుకు నాకు మనసొప్పుతలేదు. అందుకే ఉత్తరం. మన ఊరి జైపాల్ అన్న ఆటోలో పంపుతున్న.

మా ల్యాబ్‌లో ఏం చేస్తరని మొన్న చీటీ రాసి అడిగినవు కదా. పెప్టైడ్లని చిన్న చిన్న ప్రోటీన్ ముక్కలుంటయి. నీళ్లలో వేస్తే ఎవరూ పిలవకుండానే ఒక్కచోట చేరి, కంటికి కనపడనంత సంచి కట్టుకుంటయి. అందులో క్యాన్సర్ మందు పెడితే గడ్డ దగ్గరికి పోయి అక్కడే విప్పుకుంటది. ఒళ్లంతా మండదు. మా ఎలుకల గడ్డలు సగం కరిగినయి బాపూ! సంతోషం ఆగక రాస్తున్న.

నీ బిడ్డ,
దీవెన

*

ఎంకపల్లి

ప్రియమైన బిడ్డా,

నీ ఉత్తరం అమ్మ గట్టిగ చదివింది, మళ్ల చదివింది. చర్చిలో నేను చీటీ రాసిస్తే అయ్యగారు అందరికీ వినిపించిండు. పక్కింటి అంతమ్మ ఒకటే మురిసింది. ఇప్పుడు నీ ఎలుకల కోసం కూడ ప్రార్థన నడుస్తున్నది, నవ్వకు.

కీమోకు పోవుడు బంద్ పెట్టిన. నీ మందు వచ్చేసరికి ఒళ్లు ఖాళీగ ఉండాలె కదా. ఫికర్ చేయకు.

ఎదురుచూసే బాపు,
స్వామిదాసు

*

హైదరాబాద్

ప్రియమైన బాపూ,

ఎంత పని చేసినవు! నా మందు ఇప్పట్లో మనుషులకు రాదు. ఏండ్లు పడ్తది, అసలు రాకనే పోవచ్చు. నిన్న చూస్తే ఆ ఎలుకల గడ్డలు కూడ మళ్ల పెరిగినయి. ఫోన్ అమ్మ దగ్గరుంటది, చెప్తే తట్టుకోదు. అందుకే ఈ ఉత్తరం నీ చేతికే ఇయ్యమని జైపాల్ అన్నకు చెప్పిన. దండం పెడ్త, రేపే దవాఖానకు పో. కీమో లేకుంటే నువ్వు మాకు దక్కవు.

ఏడ్చుకుంట,
దీవెన

*

ఎంకపల్లి

ప్రియమైన దీవెనా,

ఇది అంతమ్మ ఇంట్లో కూర్చొని రాస్తున్న. మన ఇంట్లో రాస్తే అమ్మ చదువుతది. నీ ఉత్తరం జైపాల్ నా చేతికే ఇచ్చిండు. చదివి పొయ్యిలో వేసిన.

కీమో నేను ఆపలేదు బిడ్డా, డాక్టరే ఆపిండు. ఇంక ఏ మందూ పనిచేయదన్నడు. అప్పుడు అమ్మ కింద మందుల లైన్‌లో ఉన్నది. ఆమెకు ఎట్ల చెప్పాలె? దవాఖానకు ఎందుకు పోతలేవని అడిగి అడిగి అన్నం మానేసింది. అంతట్లనే నీ ఉత్తరం వచ్చింది. బిడ్డ మందు కోసమే ఆపిన అని రాసి చూపెట్టిన. ఆ పూట తిన్నది. మళ్ల టమాట తోటకు పోతున్నది.

నాకు భయమైతున్నది, నీ దగ్గర దాచను. కానీ ఆమె పస్తులుంటే చూడలేను.

ఆదివారం రా. వచ్చేటప్పుడు ల్యాబ్ సీసాలో ఉత్త నీళ్లు పోసుకొని తే. అమ్మ చూస్తుండగా నీ చేత్తోనే నాకు తాపు. చిన్న సీసానే తే బిడ్డా, మింగుడు కష్టమైతున్నది.

నీ బాపు