గుండెలో గడ్డ పెట్టుకుని ఫ్రిజ్ రిపేరుకా?

తమ్ముడూ,

రాగానే మంచం మీదున్న బ్యాగు తీసుకుని, ఆటో ఎక్కి నేరుగా ఆసుపత్రికి రా. బండి తాళాలు వెతక్కు, నేనే పట్టుకెళ్తున్నాను. టిఫిన్ మూతపెట్టాను, తినేసి రా.

ఈ పొద్దునే చేరమని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెబితే, ఎవరిదో ఫ్రిజ్ చల్లబడటం లేదని పక్క వీధికి పోతావా? బుద్ధుందా నీకసలు?

లేచి నిలబడితే చాలు కళ్లు తిరిగేవి. గ్యాసు, గ్యాసు అన్నావు. ఇప్పుడు ఎకో స్కానింగ్‌లో గుండె ఎడమ పైగదిలో కాడకు వేలాడే గడ్డ కనబడింది. రక్తం కిందికి దిగే దారికి అదే అడ్డం పడుతోందట. చాలా అరుదట, చూస్తే క్యాన్సర్‌లా లేదట. ఆపరేషన్ చేసి తీసేస్తే మామూలు మనిషివవుతావన్నారు. అది విని ఈల వేసుకుంటూ ఇంటికొచ్చావు. ఈలోగా చిన్న ముక్క ఊడి మెదడుకి పోతే పక్షవాతం వస్తుందన్నారే, ఆ మాట మాత్రం నీ చెవికెక్కలేదు.

నీ బెడ్ ఇంకొకరికి ఇచ్చేయకుండా నేను ముందు వెళ్లి కూర్చుంటాను. ఇంకో ఫోన్ వచ్చిందని మళ్లీ ఎటైనా పోయావో, ఊరుకోను.

అక్క

నీ టీవీ మోతలో నీ ఊపిరి పక్కగదిలో నాకు వినబడటం లేదు. అందుకేరా, రాత్రిళ్లు సౌండు తగ్గించమని అరిచేది.