వార్తల గది ఒక గంటసేపు తెరిపించమని

పాత టెలివిజన్ భవనం పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: రద్దయిన షూటింగు అనుమతిని ఒక గంట మేరకు పునరుద్ధరించుట, తమరు స్వయంగా దయచేయుట గురించి.

తమ కార్యాలయం ఎదురింట్లో ఉంటున్నదానను. సినిమా తీస్తున్నది మా తమ్ముడు. నలుగురు పిల్లల్లో పెద్దదానిని గనుక అర్జీ నా వంతుకు వచ్చినది.

1. సినిమా నలభై ఏళ్ళ కిందటి టెలివిజన్ వార్తల గురించి. అప్పుడు ఈ భవనం మేడ మీద వార్తలు చదివినది మా నాన్నగారు. ఒక రోజు, మిల్లు గేటు దగ్గర కాల్పుల్లో పోయిన పదకొండు మంది పేర్ల కాగితం అధికారులు ఆయన చేతిలోంచి తీసుకుని, 'నగరం ప్రశాంతంగా ఉన్నది' అన్న కాగితం పెట్టారు. ఆయన అదే చదివారు. "నలుగురు పిల్లలమ్మా" అని నాతో ఒక్కసారి అన్నారు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

2. మొన్న మంగళవారం జరిగిన పొరపాటు మాదే. 'నాలుగు గంటల తరువాత వీధిలో ఎవరూ కనిపించరాదు' అన్న ఆనాటి ప్రకటనను సినిమా కోసం రికార్డు చేశారు. వినబడుతున్నదో లేదో పరీక్షించుటకు సౌండు అతను మైకు మేడ మీద పెట్టాడు. బాగా వినబడినది.

3. ఇస్త్రీ అతను కాలుతున్న పెట్టె వదిలేసి పోయాడు. సగం గీసిన గడ్డంతో ఒక పెద్దమనిషి పరుగెత్తినట్లు సాక్షులున్నారు. మా అమ్మ ఇంట్లో ఉన్న బిందెలన్నీ నింపింది.

"అమ్మా, అది తమ్ముడి సినిమానే" అన్నాను.

"అయితే మాత్రం? నీళ్ళు పట్టుకుంటే తప్పేంటే?"

అన్నీ తెలిసిన నేనూ తలుపు గడియ వేసి జపానికి కూర్చున్నాను. తమ కార్యాలయం నాలుగుకు పది నిమిషాల ముందే ఖాళీ అయినది. తమరు వెనక మెట్ల మీదుగా వెళ్ళారని వీధిలో అంటున్నారు. నేను చూడలేదు, కనుక అనను.

4. మర్నాడు 'శాంతికి భంగం' అని తమరు అనుమతి రద్దు చేశారు. మనవి ఏమనగా, ఆ సాయంత్రం ఉన్నంత శాంతి మా వీధి ఎన్నడూ ఎరగదు.

5. మిగిలినది ఒక్క సన్నివేశం. ఆ పదకొండు పేర్లూ అదే గదిలో తానే చదువుతానని నాన్నగారు అడిగారు. ఎనభై మూడేళ్ళు. కాగితం చూడకుండా చెప్పగలరు.

6. అసలు చిక్కు వేరే ఉన్నది. రద్దుకు ముందు, సోమవారం, ఆ గదిలోని విరిగిన కుర్చీలన్నీ ఓ మూలకు జరిపి ఆయనను ఒకసారి కూర్చోబెట్టి చూశాము. లైట్లు వేశారు. ఆయన చదవలేదు. ఎదుటి అద్దాల గది వైపు చూస్తూ కూర్చున్నారు.

"మొదలుపెట్టండి నాన్నా."

"చెయ్యి ఎత్తలేదుగా."

ఆ రోజుల్లో అద్దం వెనుక ఒక అధికారి ఉండేవారట. ఆయన చెయ్యెత్తితేనే వార్తలు మొదలు. తమ్ముడు పరుగున పోయి అద్దం వెనుక చెయ్యెత్తాడు.

"ఒరే, నువ్వేం ఆఫీసరువిరా? ఇవతలికి రా."

కెమెరా అతనికి కోటు తొడిగి నిలబెట్టాము. "ఆఫీసరు అలా ఒంగి నిలబడడమ్మా" అన్నారు. అరగంట చూసి, ఇంటికి తీసుకువచ్చాము.

కనుక తాళం ఇప్పించుటతో సరిపెట్టక, తమరు స్వయంగా వచ్చి, అద్దం వెనుక నిలబడి, కుడి చెయ్యి ఒకసారి ఎత్తవలెనని ప్రార్థన. ప్రార్థన అన్న మాటను తేలికగా వాడే మనిషిని కాను. సినిమాలో తమ ముఖం కనబడదు. చెయ్యి కూడా వద్దంటే తీసేస్తానన్నాడు తమ్ముడు.

ఈ నాలుగు ముక్కలు చిత్తగించి, తమరు ఏ రోజు వచ్చేదీ కబురు పంపవలెను. పగలు ఏ వేళయినా సరే. ఆయన రోజూ ఉదయమే తయారై కూర్చుంటున్నారు.

తమ విధేయురాలు,
వార్తలు చదివినాయన పెద్ద కూతురు

తా.క.: ఆఫీసరును మనమే పిలిస్తే ఏం కొంప మునుగుతుందోనని అమ్మకు భయం. "ఆయన మంచివాడేనటే?" అని ఇందాక అడిగింది. తమరిని నేను కిటికీలోంచి చూడటమే తప్ప ఎరగను. అయినా అవునన్నాను. ఈ వయసులో నా చేత అబద్ధం ఆడించకండి.