కత్తి పిడి మీద లొత్త

ఊరి నుంచి, జూన్ 8, సోమవారం.

అమ్మకు, నీ పెద్దకొడుకు మల్లేశ్వరరావు కాళ్లకు మొక్కి రాస్తున్నది. ఇక్కడ కళ్యాణి, తమ్ముడు, నేను, నీ రెండు మేకలు అందరం కులాసా. వారానికి మూడుసార్లు రక్తం కడిగే ఆ మిషను పక్కన పడుకుంటూ నువ్వే బాగున్నానని రాయించినప్పుడు, మేం బాగాలేమని రాస్తే సిగ్గుచేటు.

ఫోనుండగా ఉత్తరమెందుకని తిట్టుకోకు. నీకు చెవి సరిగా వినపడదు. ప్రవల్లిక స్పీకరు పెడుతుంది. ఆ పలాస ఆస్పత్రి గదిలో నీ పక్క మంచాల మీద సగం మంది మన ఊరివాళ్లే. ప్రవల్లికా, తల్లీ, ఇక్కడి నుంచి మామ్మ చెవి దగ్గర నోరు పెట్టి చదువు. మధ్యలో నీకేమైనా అడగాలనిపిస్తే తర్వాత నన్నడుగు, మామ్మనడగకు.

నువ్వు అడిగినవి వరసగా చెబుతాను. నీ ఎండుచేపల గంప కళ్యాణే ఎత్తుకుని నిమ్మాడ వైపు తిరుగుతోంది. నువ్వు వేసే కొసరు తను వెయ్యడం లేదట. "మీ అత్త ఎప్పుడొత్తాదే" అని అక్కడ ఇంటింటా అడుగుతున్నారట. తమ్ముడు తారకేశ్వరరావు బోటుకు నీలం రంగు వేశాడు. వేట నిషేధం ఆదివారంతో అయిపోతుంది. సోమవారం తెల్లారగట్ల పన్నెండు బోట్లూ దిగుతాయి. అందరికంటే ముందు వీడిదే.

పండక్కి అమ్మవారు ఎవరి మీదకొచ్చిందని అడిగావు. కళ్యాణి మీదకు. నలభై ఏళ్లు నీ మీదకు వచ్చిన తల్లి, నువ్వు లేవని వేరే ఇల్లు వెతుక్కోలేదు. ఈ మాట విని నువ్వు సంతోషిస్తావు. సంతోషించడం అయ్యాకే తర్వాతది చదివించుకో.

ఇంకా రెండు అడిగావు. అమ్మవారి కత్తికి నూనె రాస్తున్నానా, పిడి మీద నీ వేలికి అరిగిన లొత్త అలాగే ఉందా అని ఒకటి. పండగ మంగళవారం మధ్యాహ్నం మంచం మీద ఉండగా నీ కుడిచెయ్యి ఎందుకంత బరువెక్కిందని ఇంకొకటి. నీ ఉత్తరం వచ్చి ఆరు రోజులైంది. ఈ రెండిటికీ జవాబు రాయలేక మూడు కాగితాలు చింపేశాను.

అమ్మా, కత్తి లేదు. పోయింది. నేనే పోగొట్టాను.

ఏప్రిల్‌లో సముద్ర స్నానం చేయించడానికి తీసుకెళ్లాను. ఎలా తీసుకెళ్లాలో నువ్వు చెప్పిందే. పస్తుండి, మాట్లాడకుండా, రెండు చేతుల మీద పడుకోబెట్టి, నడుము లోతుకు. అన్నీ చేశాను. కానీ ఫోను ఇంట్లో వదలలేదు. నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు కదా, కవర్లో చుట్టి తలగుడ్డలో దోపుకున్నాను. నీళ్లలో ఉండగా మోగింది. ఒక చేత్తో కత్తి పట్టుకుని రెండో చేత్తో ఫోను తీశాను. "నాన్నా, మామ్మకి ఊపిరందట్లేదు" అంది ప్రవల్లిక. "ఆక్సిజన్ పెట్టమను" అని అరిచాను. అంతే, వెనక నుంచి కెరటం వచ్చింది. లేచేసరికి ఫోను చేతిలో ఉంది, కత్తి లేదు. మూడు రోజులు మునిగాను. వల పోయిందని చెప్పి వెతికాను. ప్రవల్లికా, ఇందులో నీ తప్పేం లేదు.

ఊళ్లో చెప్పి ఉండాల్సింది. చెబితే కత్తి పట్టే హక్కు మన ఇంటి నుంచి తీసేస్తారు. నానమ్మ నుంచి నీకు వచ్చింది, నా దగ్గర పోయిందని తెలిస్తే నువ్వు ఆ మంచం మీద ఇంకెన్నాళ్లు తట్టుకుంటావోనని భయపడ్డాను. టెక్కలిలో ప్రింట్లు తీసే శ్రీకాంత్ దగ్గరికి వెళ్లి, ముందుకు ఒంగి, కొన దగ్గర బొద్దుగా, పిడి చివర పిట్ట తల ఉన్న కత్తి కావాలన్నాను.

"ఏటి మావా, నాటకం గాని ఏత్తన్నారేటి?" అని నవ్వి కంప్యూటర్‌లో వెతికాడు. పెళ్లికొడుకుల కత్తులు చూపించాడు, రాజుల కత్తులు చూపించాడు. ఏదీ మనదానిలా లేదు. చివరికి ఒకటి వచ్చింది. అచ్చం అదే.

"ఇది గ్రీకు దేశపోల్ల కత్తి మావా. ఎప్పుడో రెండున్నర వేల ఏళ్ల కిందట యుద్ధాల్లో తిప్పీవోరట."

"మరి తుప్పు లేదేట్రా?"

"అసలుది కాదు, నకలు. గోడకి తగిలించుకుంతారు."

నకలుతో నకలు చేయబోతున్నానని వాడికేం తెలుసు. పార్సెలు వాడి షాపుకే తెప్పించాను. పెట్టె మీద కుచ్చు టోపీ పెట్టుకున్న సిపాయి బొమ్మ ఉంది. బస్సులో ఒళ్లో పెట్టుకుని వస్తుంటే ఆ సిపాయి నన్నే చూస్తున్నట్టుండి, పెట్టె బోర్లా తిప్పాను. కత్తి అలుగు మీద మనవి కాని అక్షరాలున్నాయి. ఆకురాయితో అరగదీశాను. మనదానికి పిట్ట ముక్కు విరిగి ఉండేది కదా, దీనిదీ విరిచాను. నౌపడ ఉప్పుమడుల నుంచి బస్తాడు తడి ఉప్పు తెచ్చి, వలల గదిలో తొట్టిలో పూడ్చిపెట్టాను. తొమ్మిది రోజులకు తీస్తే నేనే నమ్మేసేంత పాతబడింది.

ఒక్క లొత్త మాత్రం చేయలేకపోయాను. చాకు పెట్టి రెండుసార్లు గీకబోయాను. నానమ్మ వేలూ నీ వేలూ ఇన్నేళ్లు పట్టుకుంటే పడిన లొత్త అది. చెయ్యాడలేదు. పిడికి పసుపు గుడ్డ గట్టిగా చుట్టేశాను.

అప్పటి నుంచి నాకు నిద్రలేదు. అన్నం దగ్గర కూర్చుంటే తలగుడ్డలో ఫోను మోగుతుంది. తీసి చూస్తే ఫోను గూట్లో ఉంటుంది. సముద్రంలో కాలు పెట్టానంటే ఆ మోత నీళ్ల అడుగు నుంచి వస్తుంది. కళ్యాణి దిష్టి తీసింది. దిష్టికి పోయేదైతే ఎప్పుడో పోయేది.

పండగ నాడు మిట్టమధ్యాహ్నం డప్పులు మోగుతుండగా కళ్యాణికి పూనకం వచ్చింది. కత్తి చేతికిచ్చాను. ఎత్తబోయి ఎత్తలేకపోయింది. చెయ్యి కిందికి జారిపోయింది. ఇది మనదానికంటే బరువు, నాకు తెలుసు. అప్పుడు నా వైపు తిరిగి అంది:

"మల్లిగా, ఇదేట్రా ఇంత బరువుగుంది? నాదేదిరా?"

ఇరవై రెండేళ్ల కాపురంలో కళ్యాణి నన్ను పేరు పెట్టి పిలవలేదు. మల్లిగా అని పిలిచేది నువ్వొక్కదానివే.

డప్పుల్లో ఇంకెవరికీ వినపడలేదు. "అమ్మ ఏటంతందిరా?" అని ఊరి పెద్ద తవిటయ్య మావ అడిగాడు. నేను, నీ కడుపున పుట్టినవాణ్ని, "ఈ ఏడు ఏట బాగుంటాదంతంది మావా" అన్నాను. అందరూ చేతులెత్తి మొక్కారు. అమ్మవారు అనని మాట నేను పుట్టించాను. ఆ మాట నమ్ముకునే తమ్ముడు కొత్త ఇంజను పెట్టించాడు.

వారం తర్వాత నీ ఉత్తరం వచ్చింది. అదే మంగళవారం, అదే వేళ, నీ కుడిచెయ్యి.

ఇవాళ పొద్దున్న నూనె రాద్దామని పసుపు గుడ్డ విప్పాను. పిడి మీద లొత్త ఉంది. నేను చెయ్యలేదమ్మా. నా బొటనవేలు పెట్టి చూశాను, పట్టలేదు. కళ్యాణిని పిలిచి పెట్టించాను, పట్టలేదు. లొత్త తిన్నగా లేదు, ఎడమవైపుకు ఒరిగి ఉంది. చేప ముల్లు దిగిన దగ్గర్నుంచి నీ వేలు అటే కదా ఒరుగుతుంది.

ఆదివారం గుడి దగ్గర తవిటయ్య మావకు అంతా చెప్పేస్తాను. వేటకు దిగే ముందు కత్తి కొన బోట్లకు తాకించే హక్కు మన ఇంటి నుంచి పోతుంది. తమ్ముడు నాతో మాట్లాడడు. పోనీ. నా అబద్ధం మీద వాడు సముద్రంలోకి వెళ్లకూడదు. నీ నలభై ఏళ్ల పేరు తీసే ముందు నీకు చెప్పాలనిపించింది.

ఒకటి అడుగుతాను. ప్రవల్లిక చేత పసుపు తెప్పించి, ఈ కాగితం వెనక నీ కుడి బొటనవేలు ముద్ర వేసి పంపించు. లొత్తకు సరిపోతుందా లేదా అని చూడటానికి కాదు. సరిపోతుంది, నాకు తెలుసు. ఆ లొత్త చూసినప్పటి నుంచి నా భయం కత్తి గురించి కాదు, బోట్ల గురించి కూడా కాదు. నువ్వు అప్పుడే ఆ మంచం వదిలేసి ఇక్కడికి, ఈ పిడిలోకి వచ్చేశావేమోనని. నీ వేలు ఇంకా పలాసలోనే ఉందని నా కళ్లతో చూడాలి.

పసుపు ఆరాకే కాగితం మడవమని ప్రవల్లికకు చెప్పు. తడి మీద మడిస్తే అలుక్కుపోతుంది.

ఇట్లు,
రెండు చేతులతో పట్టుకోవలసినదాన్ని ఒంటిచేత్తో పట్టుకున్న నీ కొడుకు,
మల్లిగాడు